చెరో మందు

ప్రియమైన పింగ్‌హుయ్ అక్కకి,

ఒకే ప్రశ్న అడిగిన ఇద్దరు శిష్యురాళ్లలో దూకుడుగా ఉండేదాన్ని ఇంకా ముందుకు తోసి, జంకేదాన్ని ఇంకా వెనక్కి లాగిన గురువు ఆ పని ఎందుకు చేసినట్టు? ఈ ప్రశ్నని ఇరవై ఏళ్లు దాటి మోస్తున్నాను. ఫోనులో నీ గొంతు విన్న ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది. ఈలోగా నువ్వు "పంపిన సముద్రపు నాచు అందిందా? రెండు నీళ్లు పోసి కడుగు, లేకపోతే ఉప్పు కషాయం అవుతుంది" అంటావు. నేను "సరే అక్కా" అంటాను. అంతటితో సరి. అందుకే ఈసారి కాగితం తీసుకున్నాను. కాగితం మాటకి అడ్డు రాదు.

నువ్వు మర్చిపోయి ఉండవు. మనం మౌ మాస్టారి దగ్గర ఎం.ఏ. చదివే రోజులు, తోడబుట్టని నిన్ను అక్కా అనడం మొదలుపెట్టిన రోజులు. అప్పటి విభాగాధిపతి ఒక విద్యార్థి పరిశోధనని తన పేరుతో అచ్చు వేయించుకున్నాడని మనిద్దరికీ తెలిసింది. "పైవాడు తప్పు చేశాడని తెలిస్తే వెంటనే నోరు విప్పాలా?" అని మాస్టారిని విడివిడిగా అడిగాం. నాతో ఆయన, "ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు కదమ్మా. వాళ్లని అడక్కుండా ఏదీ చెయ్యకు. ఆగు" అన్నారు. నీకేం చెప్పారని అడిగితే నువ్వు జడ బిగించుకుంటూ "చెప్పెయ్యమన్నారు" అన్నావు. అప్పటికే సభలో లేచి చెప్పేశావు. నీకు రావలసిన లెక్చరర్ ఉద్యోగం పోయింది, నువ్వు రోంగ్‌చెంగ్ తీరంలో పిల్లకాయలకి పాఠాలు చెప్పుకునే పంతులమ్మవయ్యావు. ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఈ చివరి మాట మనిద్దరి మధ్య ఎప్పుడూ ఎవరూ అనలేదు. ఇవాళ నేను అంటున్నాను.

కన్ఫ్యూషియస్ పద్ధతి మనకి కొత్తా? దూకే శిష్యుడికి కళ్లెం వెయ్యాలి, జంకే శిష్యుడికి వెన్ను తట్టాలి. ప్రశ్న ఒకటే అయినా మనిషిని బట్టి జవాబు. రాజనీతి నేర్పడంలో దీన్ని మించిన పద్ధతి లేదని మాస్టారే మనకి నూరిపోశారు. అలాంటిది మన దగ్గరికి వచ్చేసరికి దాన్ని తలకిందులు చేశారేం? ఎంతో ఆలోచించి నేనొక సమాధానం కల్పించుకున్నాను. పైకి పిరికిగా కనిపించినా నా లోపల నీకన్నా పెద్ద నిప్పు ఉందని మాస్టారు కనిపెట్టి ఉంటారు. అందుకే నా మీద నీళ్లు చల్లారు. నవ్వకు. ఈ ఊహ మీదే ఇన్నేళ్లూ బతికాను. జీతం కన్నా ఎక్కువగా అది నన్ను పోషించింది.

ఇక అసలు సంగతి.

బడుల్లో రాజనీతి పాఠం చెప్పబోయే పిల్లలకి, ఆ పాఠం ఎలా చెప్పాలో నేర్పే క్లాసు నాది. ఈ ఏడు వసంతంలో కన్ఫ్యూషియస్ గుడిలో జరిగే పూజకి మా పిల్లలని నాట్యానికి తీసుకెళ్లారు. పలచని పట్టు అంగీలు, చేతుల్లో నెమలీకలంత పొడుగు ఈకలు, వరసలు వరసలుగా రాతి అరుగు మీద. జల్లు పడుతున్నా వీడియో తీసేవాళ్లు ఆపలేదు. జ్వరంతో ఉన్న వెన్ అనే పిల్ల కళ్లు తిరిగి మెట్ల మీద పడింది. మణికట్టు విరిగింది, ముందు పన్ను ఊడింది. వాళ్ల నాన్న జిల్లా విద్యాశాఖకి ఫిర్యాదు పెట్టాడు. విచారణకి మనుషులు వస్తున్నారనగానే, పిల్లల బాగోగులు చూసే కౌన్సెలర్ షాన్ క్లాసులోకి వచ్చి, "అందరూ ఇష్టపడే వెళ్లామని చెప్పండి. చెప్తే సరిపోతుంది" అన్నాడు. రానివాళ్లకి నడవడిక మార్కులు కోస్తానని అంతకుముందు చెప్పింది కూడా ఆయనే.

ఆ సాయంత్రం లువాన్ యుటింగ్ నా గదికి వచ్చింది. లైవూలో అల్లం పండించే వాళ్ల పిల్ల. హాజరు పిలిస్తే కూడా తలుపు వైపు చూస్తూ పలుకుతుంది. పరీక్ష లేకుండానే పై చదువుకి మా విభాగం సిఫార్సు చెయ్యబోయేది ఆ అమ్మాయినే. "మేడమ్, అబద్ధమని తెలిసిన మాట అనమంటే, అప్పటికప్పుడు కాదనాలా?" అని అడిగింది.

"కాదనాలి. ఆలోచిస్తూ కూర్చుంటే నువ్వు ఎప్పటికీ కాదనలేవు" అన్నాను.

మర్నాడు ఛూ దన్యాంగ్ వచ్చింది. అది వేరే రకం. వాళ్ల నాన్న యాన్‌తాయ్ రేవులో క్రేను నడుపుతాడు, దీని గొంతు ఆ క్రేనుని మించి ఉంటుంది. కుర్చీలో కూర్చోకుండానే, "మేడమ్, లేచి ఆ షాన్ ముఖం మీదే చెప్పేద్దామనుకుంటున్నాను, చెప్పనా?" అంది.

"ఆగు. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఒకమాట అడుగు. క్లాసులో అందరితో మాట్లాడు. తొందరపడకు" అన్నాను.

నేను పద్ధతిని సరైన వైపునుంచి పట్టుకున్నాననుకున్నాను అక్కా. జంకేదాన్ని తోశాను, దూకేదాన్ని ఆపాను. ఆ రాత్రి కంటి నిండా నిద్రపట్టింది కూడా.

విచారణకి ముగ్గురు వచ్చారు. షాన్ వాళ్లకి టీ పోయిస్తూ నిలబడ్డాడు. పెద్దాయన పిల్లల వైపు తిరిగి, "ఎవరైనా బలవంతం చేశారా?" అన్నాడు. గదిలో కుర్చీ కూడా కిర్రుమనలేదు. అప్పుడు యుటింగ్ లేచింది. తలుపు వైపు చూడలేదు. "చేశారండీ. రాకపోతే మార్కులు పోతాయన్నారు. వెన్‌కి జ్వరమని మేము ముందే చెప్పాం" అంది. చెప్పి, పక్కన దన్యాంగ్ వైపు చూసింది. దన్యాంగ్ పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. దాన్ని కూర్చోబెట్టింది నేను. ఎవరూ లేవలేదు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు కూడా అక్కడే ఉన్నారట. మీరేమంటారు?"

నేను అక్కడే ఉన్నాను. చూరు కింద, గొడుగుతో. "విచారించి చెబుతానండీ, తొందరపడి అనడం బాగుండదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రాలేదనీ, పక్కనెవరో అన్నారనీ అనిపించింది. నిజంగా పక్కకి తిరిగి చూశాను.

సాయంత్రానికి క్లాసు చాట్ గ్రూపులో దన్యాంగ్ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టింది: యుటింగ్‌కి నేనన్నది, తనకి నేనన్నది. కింద ఒక్క వాక్యం: "మేడమ్, మా ఇద్దరికీ చెరో మందు ఇచ్చారు. మీరు ఏ మందు మింగారు?"

ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. అందరూ చూశారని నాకు కనిపిస్తూనే ఉంది. యుటింగ్ మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని లైవూ బస్సెక్కేసింది. ఫోను తియ్యడం లేదు. దాని సిఫార్సు "పునఃపరిశీలన"కి వెళ్లిందని షాన్ నాకు నవ్వుతూ చెప్పాడు.

రేపు మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను. ఇన్నాళ్ల ప్రశ్న అడిగే తీరతాను.

నీ చెల్లెలు
శూయిన్


అక్కా,

మొదటి ఉత్తరం నీకు ఇంకా చేరి ఉండదు. ఆగలేక ఇది కూడా రాస్తున్నాను.

మాస్టారి ఇంటికి వెళ్లేసరికి అమ్మగారు తుమ్మపూలు దూసి, పిండి కలిపి ఆవిరి పెడుతున్నారు. నీకు తెలుసు కదా, ఏటా ఈ రోజుల్లో ఆ ఇల్లంతా అదే వాసన. "ఏమే శూయిన్, చిక్కిపోయావేం? మీ ఆయన వంట చెయ్యడం మానేశాడా?" అన్నారు. మాస్టారు బాల్కనీలో దుడ్డుకర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను చదువుకునే రోజుల్లో ఎలా కూర్చునేదాన్నో అలాగే, ఆయన కుడిచెవి పక్కన కూర్చున్నాను. ఎడమది అప్పుడే మందగించింది. ఇప్పుడు కుడిది కూడా దాని దారే పట్టింది. చెవి మిషను ఉంది గాని, పెట్టుకుంటే తల లోపల చీమలు పాకినట్టుంటుందట.

జరిగిందంతా గట్టిగా అరిచి చెప్పాను. పక్క ఫ్లాటు వాళ్లకి కూడా తెలిసిపోయి ఉంటుంది. ఆయన తల ఊపుతూ విన్నారు. తర్వాత అసలు ప్రశ్న వేశాను. "మాస్టారూ, అప్పుడు పింగ్‌హుయ్ అక్కని చెప్పమన్నారు. నన్ను ఆగమన్నారు. ఎందుకలా?"

"ఎవర్ని?"

"పింగ్‌హుయ్ అక్కని!"

"పింగ్‌హుయ్‌ని నేను చెప్పమనలేదే."

నాకు సరిగా వినపడలేదనుకున్నాను. ఆ ఇంట్లో వినపడనిది నాకని అనుకోవడం అదే మొదటిసారి.

"నీకేం చెప్పానో దానికీ అదే చెప్పాను. అమ్మా నాన్నా ఉన్నారు, ఆగు అని. ఎవరడిగినా అదే చెప్పేవాణ్ణి. ఆ రోజులు అలాంటివి. నాకూ ఇల్లుంది, ఈవిడుంది" అని కర్రతో వంటింటి వైపు చూపించారు. "మీరిద్దరేంటి, ఆ యేడు నా దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ ఒకే మందు."

"మరి మనిషిని బట్టి జవాబు అని మాకు పాఠం చెప్పారు కదా?"

"పాఠంలో చెప్పాను" అన్నారు మాస్టారు. ఆ తర్వాత అవతల ఎండబెట్టిన దుప్పట్లు చూస్తూ అన్నారు: "పాఠం మంచిదే. నేను భయపడ్డాను. రెండూ నిజమే తల్లీ."

అమ్మగారు పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, "వెల్లుల్లి నూరి వేశాను, వేడిగా తిను" అన్నారు. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. బిత్తరపోయిన మనిషికి నాలుక పనిచెయ్యదని అప్పుడే తెలిసింది.

వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, నా లోపల ఉందనుకున్న నిప్పు కోసం వెతికాను. లేదు. ఎప్పుడూ లేదు. ఒక భయస్తుడు ఇద్దరు ఆడపిల్లలకి ఒకే భయం పంచాడు. ఒకతె తీసుకుంది, ఒకతె తీసుకోలేదు. దాన్ని నేను పద్ధతి అనుకున్నాను. దాని మీద పాఠాలు చెప్పాను. రెండేళ్ల కిందట బోధనా పోటీలో బహుమతి తెచ్చుకున్న పాఠం ఏదనుకున్నావు? మన కథే, పేర్లు మార్చి. దాన్నే తెచ్చి యుటింగ్ చేతిలో పెట్టాను.

ఇప్పుడు నిన్ను అడగక తప్పదు. మాస్టారు ఆగమంటే, చెప్పమన్నారని నాతో ఎందుకన్నావు? గురువు లోపాన్ని శిష్యులు కప్పాలని, తండ్రి తప్పుని కొడుకు దాచినట్టు దాచాలని మనవాళ్లు అంటారు. దాని కోసమే నాతో అబద్ధం ఆడావా? ఆయన పిరికివాడని నాకు తెలియకూడదని? అలా అయితే నువ్వు దాచిన దాని మీదే నేను ఇల్లు కట్టుకున్నానక్కా. పునాదిలో ఏముందో నాకు తెలియదు. నాకు నీ మీద కోపం రావాలి. రావడం లేదు, నోరు తెరుచుకుని కూర్చున్నాను. అంతే.

శూయిన్


ఒసే శూయిన్,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చదవాలో తెలియక రెండోది ముందు చదివి, నీకేదో జబ్బు చేసిందని హడలి చచ్చాను.

అబద్ధం ఆడలేదే పిచ్చిపిల్లా. విను. మాస్టారు నాతో ఆగమన్న మాట నిజం. నీకు చెప్పిన మాటలే, అమ్మా నాన్నా అంటూ. నేను "సరేనండీ" అని వచ్చేశాను. కాని పడుకుంటే నిద్ర రాలేదు, సభకి వెళ్లాను. ఆ సభ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, మన విభాగం వాళ్లంతా వెనక గోడకి అతుక్కుని కూర్చునేవాళ్లు, ముందు వరుస పెద్దల కోసం ఖాళీగా ఉండేది. నువ్వు ఆ రోజు జ్వరమని రాలేదు. నేను లేచే సమయానికి మాస్టారు తలుపు తోసుకుని వచ్చారు. వెనక ఎంతో చోటుంది. నేరుగా నడిచి వచ్చి ముందు వరుసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నారు. నేను చెప్పినంతసేపూ నా ముఖంలోకే చూశారు. చప్పట్లు కొట్టలేదు, తల ఊపలేదు. నేను చెప్పడం అయిపోయాక విభాగాధిపతి లేచి వెళ్లిపోతే, అతని వెనకే అందరూ లేచిపోయారు. ఆయన మాత్రం లేవలేదు. నేను కాగితాలు సర్దుకునేదాకా అలాగే కూర్చున్నారు.

నువ్వు తర్వాత "నీకేం చెప్పారు" అని అడిగావు. నేను "చెప్పెయ్యమన్నారు" అన్నాను. నాకు వినపడింది అదే మరి. నోటితో ఒకటి చెప్పారు, వచ్చి కూర్చుని ఇంకోటి చెప్పారు. మన గురువు చెప్పేది నోటితోనా, నడవడితోనా? అదీ ఆయన పాఠంలోదే కదా.

నా ఉద్యోగం నీకొచ్చిందని ఇన్నేళ్లకి రాశావు. వచ్చింది, అయితే ఏంటి? ఇక్కడ నా బడి కిటికీలోంచి సముద్రం కనపడుతుంది. నీ కిటికీలోంచి సైకిళ్ల షెడ్డు కనపడుతుంది. నేనెప్పుడైనా ఫిర్యాదు చేశానా?

కాని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్ని పేజీలు రాశావు. మాస్టారేమన్నారు, నేనేమన్నాను, నిప్పుందా లేదా. ఒక పిల్ల ఒంటరిగా లేచి నిజం చెప్పి, బస్సెక్కి వెళ్లిపోయింది. దాని గురించి నాలుగు ముక్కలే రాశావేం? అది ఎక్కడుందిప్పుడు? వెళ్లి చూశావా? చూడకపోతే ఈ ఉత్తరం మడిచి అక్కడ పెట్టి, లే.

నాచు ఇంకో మూట పంపుతున్నాను. ఈసారైనా కడుగు.

పింగ్‌హుయ్


ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మడిచి పెట్టి లేచాను.

లైవూలో యుటింగ్ వాళ్ల ఊరు చేరేసరికి వాళ్లు పొలంలో విత్తనపు అల్లం పాతుతున్నారు. వాళ్లమ్మ నడుం ఎత్తకుండానే నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీరేనా మేడమ్? రండి రండి. నోరు విప్పమని మా పిల్లకి నేర్పింది మీరేనట. మీ నోరు మాత్రం వానాకాలానికి దాచుకున్నారట" అంది. యుటింగ్ గట్టు మీంచి, "అమ్మా!" అని అరిచింది. ఆ పిల్ల అరవగా వినడం నాకదే మొదలు.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. క్షమించమని అడుగుదామని వెళ్లాను గాని, నేను నోరు తెరిచేలోగా తనే అడిగింది. "మేడమ్, ఆ రోజు నాకు చెప్పమన్నారు కదా, నేను చెప్తానని మీకు నమ్మకం ఉందా, లేక పద్ధతి అలా ఉందని చెప్పారా?"

"పద్ధతి అలా ఉందని" అన్నాను.

మట్టి చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుంది. "నేనైతే మీరు నన్ను నమ్మారనుకున్నాను. అందుకే లేవగలిగాను" అంది.

అక్కా, నా ఊహ మీద నేను ఇన్నేళ్లు బతికినట్టే, తన ఊహ మీద ఆ పిల్ల లేచి నిలబడింది. ఊహ తప్పు. లేచి నిలబడటం మాత్రం నిజం. దీన్ని ఏ పద్ధతిలో పెట్టాలో నాకు తెలియలేదు. "సిఫార్సు మీద సభ పెట్టారు, పిల్లలూ రావచ్చు. నేను చెబుతాను, నువ్వు వచ్చినా రాకపోయినా" అన్నాను. "వస్తాను. కాని మళ్లీ ఒక్కదాన్నే లేవలేను" అంది.

తిరిగి వచ్చి దన్యాంగ్‌ని పిలిచాను. రాగానే, "ఇంకో మందు ఇస్తారా మేడమ్?" అంది, చేతులు కట్టుకుని.

"ఇవ్వను. అప్పుడు నేను మింగింది నీకిచ్చిన మందే. బాగా చేదుగా ఉంది" అన్నాను.

అప్పుడు అది కూర్చుంది. నా గదిలో అది కుర్చీ మీద కూర్చోవడం అప్పుడే చూశాను. "అడుగుతారేమో అని చెప్తున్నాను, సభకి నేనొస్తున్నాను. మిమ్మల్ని అడగను, మా నాన్ననీ అడగను" అంది.

సభ నిన్న జరిగింది. మా వాళ్లంతా యథాప్రకారం వెనక గోడకి చేరారు. ముందు వరుస ఖాళీ. షాన్ మెల్లగా, "యుటింగ్ మంచి పిల్లే. కాని బృందంలో కలిసి నడవడం ఇంకా అలవడలేదు. ఒక ఏడాది ఆగితే మంచిదని..." అంటున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు కిర్రుమంది. కర్ర చప్పుడు. మాస్టారు.

రిటైరైన వాళ్లకి మా సభల్లో కూర్చునే హక్కుంది, ఎవ్వరూ రారు. మాస్టారికి ఈ సభ గురించి నేను చెప్పలేదు. అమ్మగారికి ఫోనులో చెప్పానంతే, అదీ వేరే మాటల మధ్య. ఆయన వెనక ఖాళీలు దాటుకుని, కర్ర నేల మీద ఆనించుకుంటూ, నెమ్మదిగా వచ్చి ముందు వరుసలో నా ఎదురుగా కూర్చున్నారు. షాన్ మాట అక్కడే ఆగిపోయింది. యుటింగ్ ముఖం చూశాను. నా ముఖం ఎలా ఉందో తెలియదు. నువ్వు రాసిందంతా నా కళ్ల ముందు జరుగుతోంది, అదే వరుస, అదే మనిషి, నీ స్థానంలో నేను.

లేచాను. వాన పడిందని చెప్పాను. వెన్‌కి జ్వరమని పిల్లలు షాన్‌గారితో చెప్పారని, ఆయన వినలేదని చెప్పాను. మార్కుల బెదిరింపు నా చెవులతో విన్నానని చెప్పాను. అంతా నేను చూరు కింద గొడుగు పట్టుకుని చూశానని, అడిగినప్పుడు విచారించి చెబుతానన్నానని, విచారించడానికి ఏమీ లేదని కూడా చెప్పాను. దన్యాంగ్ లేచి, "నేనూ విన్నాను" అంది. యుటింగ్ లేచింది. ఆ తర్వాత వెనకనుంచి ఇంకో ఇద్దరు పిల్లలు లేచారు, వాళ్ల పేర్లు కూడా నాకు సరిగా గుర్తురాలేదు. అంతమందే. అందరూ లేవలేదు. మా విభాగం వాళ్లలో ఒక్కరూ లేవలేదు.

మాస్టారు చప్పట్లు కొట్టలేదు. తల ఊపలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చునే ఉన్నారు.

దగ్గరికి వెళ్లి, కుడిచెవి పక్కన కూర్చుని, "మాస్టారూ, వచ్చారా" అన్నాను.

"వచ్చాను. ఏమన్నావు తల్లీ అంతసేపు?" అన్నారు.

"వినపడలేదా?"

"ఒక్క ముక్క కూడా. మిషను ఇంట్లో మర్చిపోయాను. ముందు వరుసలో కూర్చుంటేనన్నా వినపడుతుందేమోననుకున్నాను."

అక్కా, నవ్వుతున్నారేమో అని చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నారు. "మరి ఆ రోజు పింగ్‌హుయ్ అక్క సభలో కూడా, చెవి కోసమే ముందు కూర్చున్నారా?" అని అరిచాను. "అప్పుడు కూడా ఈ చెవే కదా" అన్నారు. తర్వాత కర్ర అందుకుని, "ఇంటికి తీసుకెళ్లు, మెట్లు దిగడం కష్టం" అన్నారు. ఎక్కేటప్పుడు ఎవరు ఎక్కించారో అడగాలన్నది మెట్లు దిగాక గుర్తొచ్చింది. లిఫ్టు బాగులేదు. అది మూడో అంతస్తు.

యుటింగ్ సిఫార్సు పోలేదు, రాలేదు. మళ్లీ కూర్చుని చూస్తామన్నారు. వచ్చే సెమిస్టరు నా క్లాసు వేరేవాళ్లకి ఇస్తున్నారని ఇవాళ పొద్దున తెలిసింది. ఇవన్నీ నన్ను అంతగా కదిలించలేదంటే నమ్ముతావా?

ఇంతా రాసి, నిజం ఒప్పుకుంటాను. మాస్టారు ముందు వరుసలో కూర్చున్నది నిన్ను నిలబెట్టడానికో, నీ మాట వినడానికో, రెండూనో నాకు తెలియదు. ఆయన్ని ఇంకోసారి అడిగితే ఇంకో జవాబు చెబుతారేమోనని భయం. అది మాత్రమైతే పోనీ. రేపు ఇంకో యుటింగ్ నా గదికి వచ్చి అదే ప్రశ్న అడిగితే, ఆ పిల్లకి నా నోటితో ఏం చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చెప్పమని అనగలనా, ఆగమని అనగలనా, ఏమీ అనకుండా వెళ్లి ముందు కూర్చుంటే చాలా? తెలియదు అక్కా. నిజంగా తెలియదు.

నాచు రెండు నీళ్లు పోసి కడిగాను. ఇంకా ఉప్పగానే ఉంది.

నీ
శూయిన్